పెడల్ స్టీల్ మీద జాజ్: మెలొడీ, కార్డ్స్ రెండూ ఒక్కరే వాయించాలంటే

నమస్తే అండి. మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను, చదివే మిగతావాళ్లకూ వీలుగా ఉంటుంది. మీకు కీబోర్డ్ మీద జాజ్ కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) వచ్చు. చిన్నప్పుడు వీణ నేర్చుకున్నారు. ఇప్పుడు డాలస్‌లో ఒక పాత డబుల్ నెక్ పెడల్ స్టీల్ కొన్నారు. అంటే బల్లలా పడుకోబెట్టిన గిటార్ మీద ఇనుప బార్ జరుపుతూ, పాదంతో పెడల్స్, మోకాళ్లతో లివర్లు కదిపి తీగల శ్రుతి మార్చే వాయిద్యం; ఇ-9, సి-6 అని వేర్వేరు శ్రుతుల్లో రెండు తీగల వరసలు (నెక్‌లు) దానికి ఉంటాయి. ఇ-9 నెక్ మీద కంట్రీ పాటలు కొంత పలుకుతున్నాయి. కానీ నెమ్మదిగా నడిచే ఒక జాజ్ పాటను కార్డ్స్, మెలొడీ కలిపి వాయించబోతే అంతా ముద్దగా వినిపిస్తోంది. గిటార్ కోసం రాసిన కార్డ్ మెలొడీ పుస్తకం ముందు పెట్టుకుంటే అందులో సగం కార్డ్స్ అసలు చేతికే రావడం లేదు. సి-6 నెక్ మీదికి మారాలా, ఇ-9 సరిపోతుందా, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ సందేహం.

ముందు ఆ గిటార్ పుస్తకం పక్కన పెట్టేయండి. గిటార్ వాయించేవాళ్లకు నాలుగు వేళ్లు ఉన్నాయి, ఒక్కో వేలు ఒక్కో ఫ్రెట్ మీద పెట్టగలరు. మన దగ్గర ఉన్నది నిటారుగా ఉండే ఒక్క ఇనుప బార్. అది ఎక్కడ ఉంటే అన్ని తీగలూ ఆ ఫ్రెట్‌లోనే పలుకుతాయి. కార్డ్ లోపల తేడా రావాలంటే పెడల్ నొక్కాలి, లేదా మోకాలి లివర్ కదపాలి. బార్‌ను ఏటవాలుగా పట్టే పద్ధతి ఉంది కానీ నాలుగు స్వరాల కార్డ్‌లో దానితో శ్రుతి నిలబెట్టడం చాలా కష్టం. అందుకని ఈ వాయిద్యం మీద "ఫలానా కార్డ్ షేప్ ఎక్కడుంది" అని వెతకకూడదు. "మెలొడీ స్వరం ఈ తీగ మీద, ఈ ఫ్రెట్‌లో ఉంది. బార్ కదపకుండా దాని కింద ఏయే కార్డ్స్ దొరుకుతాయి?" అని అడగాలి. ఆలోచన ఇలా తిరిగిన రోజున సగం పని అయిపోయినట్టే.

మీకు కీబోర్డ్ తెలియడం ఇక్కడ పెద్ద లాభం. పియానో వాయించేవాళ్లు ఎడమ చేత్తో రూట్ (కార్డ్‌కు పేరిచ్చే స్వరం) వదిలేసి దాని నుంచి లెక్కపెడితే వచ్చే థర్డ్, ఫిఫ్త్, సెవెంత్, నైన్త్ మాత్రమే పట్టుకునే వాయిసింగ్స్ (కార్డ్‌లో స్వరాలు పేర్చే తీరు) మీకు అలవాటే కదా. పెడల్ స్టీల్ మీద జాజ్ అంటే నూటికి తొంభై పాళ్లు అదే. నాలుగు స్వరాలు, ఒక్కటే పట్టు, దానికి నాలుగైదు పేర్లు.

సి-6 నెక్ తీసుకుందాం. మీకు దూరంగా ఉన్న ఒకటో తీగ నుంచి వరుసగా జి, ఇ, సి, ఎ, జి, ఇ, సి, ఎ, ఎఫ్, సి. ఒకటో తీగకు కొందరు జి బదులు డి పెట్టుకుంటారు, మీది ఎలా ఉందో చూసుకోండి. మధ్యలో ఉన్న ఎ, సి, ఇ, జి అనే నాలుగింటిని చూడండి. అది సి-6. అదే ఎ మైనర్ 7. కింద బాస్‌లో ఎఫ్ పడితే ఎఫ్ మేజర్ 9, డి పడితే డి-9 సస్పెండెడ్. ఈ ట్యూనింగ్ జాజ్ కోసమే పుట్టిందని కాదు. హవాయి సంగీతంలోనూ టెక్సస్ వైపు వెస్టర్న్ స్వింగ్ బ్యాండ్లలోనూ ల్యాప్ స్టీల్ మీద పెరిగింది. ఆ స్వింగ్ బ్యాండ్లలో స్టీల్ గిటార్ చేసే పని చాలావరకు బ్రాస్ సెక్షన్ చేసే పనే, అందుకే సిక్స్త్ కార్డ్ దాని ఒంట్లో ఉంది.

ఇక పెడల్స్. మామూలు డబుల్ నెక్‌లో మొదటి మూడూ ఇ-9వి, 4 నుంచి 8 దాకా సి-6వి. మొదట నేర్చుకోవాల్సినవి 5, 6. ఐదో పెడల్ 5వ తీగను జి నుంచి ఎఫ్ షార్ప్‌కు దించుతుంది, 9వ తీగను ఎఫ్ నుంచి ఎఫ్ షార్ప్‌కు, 10వ తీగను సి నుంచి డి కి పెంచుతుంది. ఆరో పెడల్ 2వ తీగను ఇ నుంచి ఎఫ్‌కు పెంచి, 6వ తీగను ఇ నుంచి ఇ ఫ్లాట్‌కు దించుతుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకే పాదంతో విడివిడిగానూ, కలిపీ నొక్కవచ్చు. పాత గిటార్ కొన్నప్పుడు ముందు యజమాని తనకు నచ్చినట్టు మార్చుకుని ఉండవచ్చు. కాబట్టి ఒక్కో పెడల్ నొక్కి, ఏ తీగ ఎక్కడికి పోతోందో ట్యూనర్‌తో చూసి కాగితం మీద రాసుకోండి. ఈ పని చేయకుండా ముందుకు వెళ్లకండి.

ఇప్పుడు సి మేజర్‌లో 2-5-1, అంటే జాజ్‌లో తరచూ వచ్చే డి మైనర్, జి, సి అనే మూడు కార్డ్స్ వరస. బార్‌ను 5వ ఫ్రెట్ మీద పెట్టండి. 5-4-3-2 తీగలు మీటండి. సి, డి, ఎఫ్, ఎ వస్తాయి. డి మైనర్ 7 అది, పైన మెలొడీ ఎ. బార్ కదపకండి. ఐదో పెడల్ నొక్కండి. సి కాస్తా బి అయింది. బి, డి, ఎఫ్, ఎ. ఇది రూట్ లేని జి-9. మెలొడీ ఎ అలాగే ఉంది. ఇప్పుడు అదే పాదాన్ని కొంచెం పక్కకు వాల్చి ఆరో పెడల్ కూడా కలపండి. పైన ఉన్న ఎ, బి ఫ్లాట్‌కు ఎక్కింది. బి, డి, ఎఫ్, బి ఫ్లాట్. జి-7 షార్ప్ 9, జాజ్‌లో అందరూ ఇష్టంగా వాడే కార్డ్. తర్వాత రెండు పెడల్స్ వదిలేసి బార్‌ను 7వ ఫ్రెట్‌కు తీసుకెళ్లి అవే నాలుగు తీగలు మీటండి. డి, ఇ, జి, బి. రూట్ లేని సి మేజర్ 9. మెలొడీ ఎ, బి ఫ్లాట్, బి అని మెట్టు మెట్టుగా ఎక్కింది. బార్ కదిలింది ఒక్కసారే.

దీన్ని ఈ వారమంతా వాయించండి. వేగం అక్కర్లేదు. పెడల్ నొక్కుతున్నప్పుడు లోపల సి నుంచి బి కి దిగే ఆ ఒక్క స్వరాన్నే వినండి. పైన మెలొడీ ఊపిరి బిగబట్టినట్టు నిలిచి ఉంటుంది, మధ్యలో ఒక్క గొంతు మాత్రం జారుతుంది. పియానో మీద ఇది సాధ్యం కాదు, అక్కడ సి ఆగి బి మొదలవుతుంది. మామూలు గిటార్ మీద ఒక తీగను లాగి కొంతవరకు చేయవచ్చు, అంతే. కార్డ్ మోగుతూ ఉండగా అందులోని ఒక స్వరం మరో స్వరంగా మారిపోవడం పెడల్ స్టీల్‌కే సొంతం. వెబ్ పియర్స్ పాడిన "స్లోలీ"లో బడ్ ఐజాక్స్ వాయించిన స్టీల్ 1954లో అంత సంచలనం కావడానికి కారణం కూడా అదే. బార్ ఉన్నచోటే ఉంది, కార్డ్ లోపలి స్వరాలు మాత్రం కదిలాయి. ఆ తర్వాత ఆ శబ్దాన్ని కంట్రీ వాళ్లు పూర్తిగా తమది చేసుకున్నారు. నా ఉద్దేశంలో దాని అసలు విలువ బయటపడేది జాజ్‌లో. ఎందుకంటే జాజ్ హార్మొనీ అంటేనే లోపలి స్వరాలు అర స్వరం చొప్పున కదలడం. అందుకే ఈ వాయిద్యం మీద కార్డ్ మెలొడీని గిటార్‌కు నకలుగా చూడకండి. గిటార్ చేయలేని పని ఒకటి ఇక్కడ ఉంది, అరేంజ్‌మెంట్ అంతా దాని చుట్టూ కట్టండి.

అయితే ప్రతి పెడల్ కదలికనూ వినిపించనక్కర్లేదు. ఒక పాటలో మూడు నాలుగు చోట్ల వినిపిస్తే చాలు. మిగతా చోట్ల తీగలను అరచేత్తో ఆపి, ఆ నిశ్శబ్దంలో పెడల్ నొక్కి, తర్వాత మీటండి. లేకపోతే జాజ్ పాట కాస్తా ప్రతి రెండు సెకన్లకూ మూలుగుతున్నట్టు ఉంటుంది.

నాలుగు వేళ్లకు పిక్కులు లేవు, బొటనవేలు, రెండు వేళ్లే వాడుతున్నాను అంటారా, అయినా ఫర్వాలేదు. మూడు స్వరాలతో ఇదే నడక వాయించండి. పైన మెలొడీ, దాని కింద థర్డ్, సెవెంత్. డి మైనర్‌కు 5-3-2 తీగల్లో సి, ఎఫ్, ఎ. పెడల్‌తో బి, ఎఫ్, ఎ. రెండు పెడల్స్‌తో బి, ఎఫ్, బి ఫ్లాట్. చివరి కార్డ్‌లో మాత్రం 5వ తీగ వదిలి 4-3-2 పట్టండి, ఇ, జి, బి వస్తాయి. లేకపోతే సి కార్డ్‌లో థర్డ్ పోతుంది. నిజానికి ముందు మూడు స్వరాలతోనే నేర్చుకోమంటాను. నాలుగోది తర్వాత ఎప్పుడైనా కలుస్తుంది.

మరో దారి కూడా చూపిస్తాను. నాకు ఈ వాయిద్యం మీద అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. డెట్రాయిట్‌లో పుట్టిన పియానిస్ట్ బ్యారీ హ్యారిస్ 2021లో పోయేదాకా దశాబ్దాల పాటు పిల్లలకూ పెద్దలకూ ఒకే విషయం చెబుతూ వచ్చారు. సి మేజర్ స్కేల్‌లో జి, ఎ మధ్య జి షార్ప్ చేర్చండి, ఎనిమిది స్వరాలవుతాయి. వాటిలో ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే సి-6, మిగిలినవి బి డిమినిష్డ్. కాబట్టి మెలొడీ స్కేల్‌లో ఎటు నడిచినా సి-6, డిమినిష్డ్, సి-6, డిమినిష్డ్ అని ఒకదాని తర్వాత ఒకటి దాని కింద వేసుకుంటూ పోవచ్చు. పియానో విద్యార్థులు దీన్ని పన్నెండు కీలలో చేతికి ఎక్కించుకోవడానికి చాలా శ్రమ పడతారు. మనకు సి-6 పెడల్ లేకుండానే ఉంది. 5, 6 పెడల్స్ కలిపి నొక్కితే 8 నుంచి 3 దాకా ఉన్న తీగల్లో పూర్తి డిమినిష్డ్ ఉంది.

చేసి చూడండి. బార్ 12వ ఫ్రెట్‌లో ఉంటే పెడల్ వద్దు, 14వ ఫ్రెట్‌లో ఉంటే 5, 6 పెడల్స్ రెండూ. 12లో 8-7-6-5 తీగలు మీటితే పైన జి. 14లో అవే తీగలు, పైన జి షార్ప్. మళ్లీ 12కు వచ్చి 7-6-5-4, పైన ఎ. 14లో అవే తీగలు, పైన బి. 12లో 6-5-4-3, పైన సి. 14లో అవే, పైన డి. 12లో 5-4-3-2, పైన ఇ. తర్వాతి ఎఫ్‌కు మాత్రం 17వ ఫ్రెట్‌కు వెళ్లాలి, 6-5-4-3 తీగల మీద అవే రెండు పెడల్స్‌తో. ఎందుకంటే ఆరో పెడల్ 2వ తీగను పైకి పంపేస్తుంది కాబట్టి ఆ తీగ కలిస్తే డిమినిష్డ్ కుదరదు. దాదాపు స్కేల్ మొత్తం రెండు ఫ్రెట్ల మధ్య పూర్తయింది. ఎఫ్ మేజర్ కావాలంటే 5, 7 ఫ్రెట్లు. జి మేజర్ కావాలంటే 7, 9. లెక్క మారదు. ఇది చేతికి, పాదానికి అలవాటైతే మీకు తెలిసిన ఏ మెలొడీకైనా అప్పటికప్పుడు కింద కార్డ్స్ పడతాయి.

చిన్న చిట్కాలు రెండు. సి కార్డ్ మీద మెలొడీ డి అయితే ఏడో పెడల్ నొక్కండి. అది 3వ తీగను సి నుంచి డి కి, 4వ తీగను ఎ నుంచి బి కి పెంచుతుంది. 12వ ఫ్రెట్‌లో 6-5-4-3 మీటితే ఇ, జి, బి, డి, నిండైన మేజర్ 9. అలాగే సి-6కు వచ్చే ముందు 11వ ఫ్రెట్‌లో ఐదో పెడల్‌తో అవే నాలుగు తీగలు మీటండి. అది డి ఫ్లాట్ 9, జి-7 బదులు వాడే ట్రైటోన్ కార్డ్ (రూట్ మూడు పూర్తి స్వరాల దూరంలో ఉండేది). పెడల్ వదిలి ఒక్క ఫ్రెట్ ముందుకు వస్తే ఇంటికి చేరినట్టే.

ఇక ఇ-9 సంగతి. సి-6 నెక్ మీ దగ్గర ఉంది కాబట్టి కార్డ్ మెలొడీకి దాన్నే వాడండి, అది నా సలహా. కానీ ఇ-9లో జాజ్ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. సాధారణమైన ఎమన్స్ సెటప్‌లో (పెడల్స్ అమరికలో ఒక పద్ధతి) 8వ ఫ్రెట్ మీద బార్ పెట్టి ఎ, బి అని పిలిచే మొదటి రెండు పెడల్స్ నొక్కి 8-7-6-5 తీగలు మీటండి. సి, డి, ఎఫ్, ఎ. ఇందాక సి-6 మీద 5వ ఫ్రెట్‌లో వాయించిన డి మైనర్ 7 అచ్చంగా ఇదే. ఇప్పుడు ఇ తీగలను దించే మోకాలి లివర్ కలపండి. సి, బి అయింది. జి-9. తర్వాత పెడల్స్, లివర్ అన్నీ వదిలేయండి. సి, డి, ఇ, జి. 2-5-1 మొత్తం ఒక్క ఫ్రెట్‌లో అయిపోయింది. అదే లివర్ ఒక్కటే పట్టుకుని ఉంటే ఓపెన్‌లో బి-6 కార్డ్ వస్తుంది, అంటే సి-6 నెక్ లక్షణం కొంత ఇక్కడే దొరుకుతుంది. రెండు నెక్‌ల పనీ ఒకే నెక్ మీద చేసే పన్నెండు తీగల యూనివర్సల్ గిటార్లు నిలబడినది ఈ ఒక్క సూత్రం మీదే. ఒకే నెక్ ఉన్నవాళ్లు దీనితో చాలా దూరం వెళ్లవచ్చు. లోటు ఏమిటంటే, ఇ-9లో కింద బరువు తక్కువ. పక్కన బాస్ వాయించేవాళ్లు ఉంటే ఆ లోటు తెలియదు, ఒంటరిగా వాయిస్తే తెలుస్తుంది.

ముద్దగా వినిపించడం గురించి. కార్డ్‌లో తప్పుందని మీరు అనుకుంటున్నారు. చాలాసార్లు కార్డ్ సరిగ్గానే ఉంటుంది, అది ఉన్న చోటు సరిగ్గా ఉండదు. సి-6లో 8వ తీగ మామూలు గిటార్ మీద 5వ తీగతో సమానమైన ఎ. 9, 10 తీగలు దానికంటే కింద ఉన్నాయి. తక్కువ ఫ్రెట్లలో 9, 8 తీగలు కలిపి మీటితే అంత లోతులో థర్డ్ ఎంత శుభ్రంగా ట్యూన్ చేసినా గర్జిస్తుందే తప్ప స్పష్టంగా పలకదు. పియానో మీద కూడా ఎడమ చివర మూడు స్వరాలు దగ్గరగా నొక్కి చూడండి, అంతే కదా. కాబట్టి 9, 10 తీగలను ఒంటరి బాస్ స్వరాలుగానే వాడండి. ముందు బొటనవేలితో బాస్ స్వరం, అర క్షణం తర్వాత పైన కార్డ్. ఇందాకటి సి మేజర్ 9కి 7వ ఫ్రెట్‌లో 9వ తీగ మీద సి దొరుకుతుంది, డి మైనర్‌కు 5వ ఫ్రెట్‌లో 8వ తీగ మీద డి దొరుకుతుంది. జి-9కి ఐదో పెడల్ నొక్కి ఉండగా 10వ తీగ మీద జి దొరుకుతుంది; మీ గిటార్‌లో ఆ మార్పు లేకపోతే వదిలేయండి. ముందు డి, తర్వాత సి విన్న చెవి మధ్యలో జి ని తనే ఊహించుకుంటుంది.

కీ కూడా మార్చుకోండి. అచ్చు కాగితంలో ఇ ఫ్లాట్ ఉందని అందులోనే వాయించాలన్న నియమం లేదు, మీరు ఒంటరిగా వాయిస్తున్నప్పుడు మరీను. మెలొడీ ఎక్కువ భాగం 2, 3 తీగల మీద, 5 నుంచి 14వ ఫ్రెట్ల మధ్య పడేటట్టు కీ ఎంచుకోండి. ఎఫ్, జి, బి ఫ్లాట్ ఎక్కువ పాటలకు నప్పుతాయి.

అలాగే ప్రతి మెలొడీ స్వరానికీ కార్డ్ వేయకండి. కీబోర్డ్ నుంచి వచ్చినవాళ్లకు ఈ తొందర ఉంటుంది. ఒక్కో మెజర్ (తాళంలో ఒక ఆవర్తం లాంటిది) మొదట్లో ఒక కార్డ్, అవసరమైతే మధ్యలో ఇంకొకటి, మిగతాదంతా ఒంటి తీగ మీద మెలొడీ. ఒంటి స్వరం వినిపించిన తర్వాతే నాలుగు స్వరాలు నిండుగా వినిపిస్తాయి.

వాల్యూమ్ పెడల్ గురించి మీరు అడగలేదు కానీ ముద్దకు సగం కారణం అక్కడే ఉండవచ్చు. కంట్రీలో తీగ మీటిన శబ్దం దాచి, తర్వాత వాల్యూమ్ పెంచే పద్ధతి ఉంది. నాలుగు స్వరాల జాజ్ కార్డ్‌కు అలా చేస్తే ఆర్గన్‌లాగా ఉబ్బి, మెలొడీ ఏదో తెలియకుండా పోతుంది. పెడల్ సగంలో ఉంచి మీటండి, మీటు స్పష్టంగా వినపడనివ్వండి, శబ్దం తగ్గుతున్న కొద్దీ కొంచెం కొంచెంగా తొక్కండి. రివర్బ్ తగ్గించండి, ఆంప్‌లో బాస్ కూడా తగ్గించండి. మీటేటప్పుడు పై తీగ మీద వేలు మిగతా వాటికంటే కొంచెం గట్టిగా పడాలి. నాలుగూ సమానంగా మోగితే కార్డ్ వినిపిస్తుంది, పాట వినిపించదు.

వీణ నేర్చుకున్నానన్నారు కాబట్టి ఒక మాట. మన చేతికి గమకం అలవాటు. స్టీల్ బార్ పట్టుకోగానే ప్రతి స్వరానికీ జారుతూ వెళ్లాలనిపిస్తుంది. తీగల మీద కట్టె జరిపి వాయించే గోటువాద్యం వినే చెవికి అది ఇంకా సహజం. ఒంటి తీగ మీద మెలొడీ వాయిస్తున్నప్పుడు ఆ అలవాటు పెద్ద వరం, దాన్ని దాచుకోకండి. అమెరికాలో పుట్టి పెరిగిన స్టీల్ వాద్యకారులకు కూడా అంత సున్నితమైన జారుడు సులభంగా రాదు. కానీ నాలుగు తీగలూ కలిసి మోగుతున్నప్పుడు బార్ జరిపితే నాలుగు స్వరాలూ ఒకే దిక్కులో జారతాయి, కార్డ్‌లోని గొంతులన్నీ కలిసిపోతాయి. కార్డ్ నుంచి కార్డ్‌కు వెళ్లేటప్పుడు కుడి అరచెయ్యి తీగల మీద ఆనించి శబ్దం ఆపండి, బార్ జరపండి, అప్పుడు మీటండి. ఎడమ చేతి మిగతా వేళ్లు బార్ వెనక తీగల మీద వాలి ఉండాలి, లేకపోతే వెనక భాగం కూడా మోగుతుంది. కంపనం కూడా కార్డ్ మీద చాలా సన్నగా ఉండాలి, అదీ కార్డ్ మొదలైన కాసేపటికి.

ట్యూనింగ్ విషయంలో మీ చెవి మీతో గొడవ పడుతుంది, ముందే చెబుతున్నాను. తంబురాలో వినపడే అంతర గాంధారం మీకు అలవాటు. శుద్ధమైన మేజర్ థర్డ్ కీబోర్డ్ థర్డ్ కంటే దాదాపు 14 సెంట్లు తక్కువ. ఇ-9 వాయించే చాలామంది థర్డ్స్‌ను అలా కిందికి దించి ట్యూన్ చేస్తారు, మూడు స్వరాల మేజర్ కార్డ్స్ తేనెలా ఉంటాయి. సి-6లో జాజ్‌కు అది పనికిరాదు. ఇ తీగనే చూడండి. సి కార్డ్‌లో అది థర్డ్, ఎ మైనర్‌లో ఫిఫ్త్, ఎఫ్ మేజర్ 7లో సెవెంత్, డి-9లో నైన్త్. ఒక కార్డ్ కోసం 14 సెంట్లు దించితే ఇంకో కార్డ్‌లో చెడుతుంది. అందుకని సి-6 నెక్‌ను ట్యూనర్ చూపించినట్టు సమానంగా పెట్టండి. ఒంటరిగా వాయించేటప్పుడు ఇ తీగలను నాలుగైదు సెంట్లు దించుకుంటే చెవికి కొంత ఊరట. పియానోతో కలిసి వాయిస్తే అదీ వద్దు. ముందు ఓపెన్ తీగలు, ఆ తర్వాత పెడల్ నొక్కి పెట్టి అటు చివర ఉన్న నైలాన్ ట్యూనర్లు, ఈ క్రమం తప్పకండి. రెండు మూడు పెడల్స్ కలిపి నొక్కినప్పుడు గిటార్ ఒళ్లు కొద్దిగా వంగి మిగతా తీగలు కూడా కొంచెం దిగుతాయి. పాత వాటిలో ఇది ఎక్కువ. 5, 6 కలిపి నొక్కి మరోసారి చూసుకోండి.

వినాల్సినవి కొన్ని. బడ్డీ ఎమన్స్ 1963లో మెర్క్యురీ కంపెనీకి చేసిన "స్టీల్ గిటార్ జాజ్" తప్పకుండా వినండి. న్యూయార్క్ జాజ్ వాళ్లతో, సాక్సోఫోన్ జెరోమ్ రిచర్డ్‌సన్, పియానో బాబీ స్కాట్, బాస్ ఆర్ట్ డేవిస్, డ్రమ్స్ చార్లీ పర్సిప్, కలిసి కూర్చుని చేసిన ఆల్బమ్. అందులో పియానో ఉన్నప్పుడు స్టీల్ ఎంత తక్కువ వాయిస్తుందో గమనించండి. కార్డ్స్ కోసం మాత్రం కర్లీ చాకర్ దగ్గరికే వెళ్లాలి. సి-6 మీద అంత దట్టమైన కార్డ్స్‌ను అంత ధీమాగా వేసినవాళ్లు నాకు మరొకరు కనపడరు. ఆయన వాయించిన ఒక పాట ఎంచుకుని కీబోర్డ్ ముందు కూర్చుని మొదటి ఎనిమిది మెజర్లలో పై స్వరం ఏది, దాని కింద ఏమున్నాయి అని రాయండి, తర్వాత స్టీల్ మీద వెతకండి. సూజన్ ఆల్కార్న్‌ను కూడా వినండి. 2025లో పోయారావిడ. అర్జెంటీనా స్వరకర్త పియాజొలా టాంగోలను ఒంటరిగా పెడల్ స్టీల్ మీద వాయించారు. జాజ్ అని పేరు పెట్టలేం కానీ ఒక్కరే కూర్చుని ఈ వాయిద్యాన్ని ఎంత నిండుగా, ఎంత ఖాళీలు వదులుతూ పలికించవచ్చో ఆవిడ దగ్గర తెలుస్తుంది.

మొదటి పాటగా వేగంగా కార్డ్స్ మారేది తీసుకోకండి. ఒక్కో కార్డ్ రెండు మెజర్లు నిలిచే బాలడ్ (నెమ్మది పాట) చూసుకోండి. ముందు పెడల్స్ లేకుండా మెలొడీ మాత్రం, పై మూడు తీగల మీద, కళ్లు మూసుకుని పాడుతున్నట్టు వచ్చేదాకా. తర్వాత 2-5-1 ఉన్న చోట్ల మాత్రమే పై పద్ధతిలో మూడు స్వరాల కార్డ్స్ చేర్చండి. ఆ తర్వాతే బ్యారీ హ్యారిస్ పద్ధతి. ఇవన్నీ ఫోన్‌లో రికార్డ్ చేసుకుని మర్నాడు వినండి. వాయించేటప్పుడు పాదం మీద, మోకాలి మీద ధ్యాస ఉండి చెవి సరిగ్గా పని చేయదు. మీ గిటార్‌లో పెడల్స్ ఏవి ఏ తీగలు మారుస్తున్నాయో ఆ కాగితం ఇక్కడ పెడితే, మీ పాటలోని కార్డ్స్‌కు ఏ ఫ్రెట్లు, ఏ పెడల్స్ సరిపోతాయో చూసి చెబుతాను. 4, 8 పెడల్స్, మోకాలి లివర్ల గురించి కూడా అప్పుడే రాస్తాను, ఎందుకంటే అవి ఒక్కో గిటార్‌లో ఒక్కోలా ఉంటాయి.